మొదటిసారి రొమ్ము పరీక్షకు పోవునప్పుడు



ఈ సాయంకాలము నేను ప్రసంగింపవలసిన విషయమును మా యింటిలో చెప్పినప్పుడు మా అత్తగారు, "రేడియోలో ఆ మాట ఎట్లా పలుకుతావమ్మా?" అని అడిగిరి. ఆమె శంక నిరాధారమైనది కాదు. మోకాలినొప్పిని గూర్చి బజారులో చెప్పుకొందుము. చక్కెరవ్యాధిని గూర్చి పెండ్లిపందిటిలో చెప్పుకొందుము. రొమ్ము అను మాటను మాత్రము పసిబిడ్డకు పాలిచ్చు సందర్భమున తప్ప నలుగురిలో పలుకము. నేనును ఏబదియవ యేట అడుగుపెట్టువరకు పలికినదానను కాను. గత సంవత్సరము మొదటిసారిగా రొమ్ము కాన్సరు పరీక్షకు పోయివచ్చితిని. పోవుటకు ముందు ఏమేమి సిద్ధము చేసికొంటినో, ఏది సిద్ధము చేసికొనక చిక్కుపడితినో, అదియే నేటి నా ముచ్చట.

నేను వైద్యురాలను కాను. ధర్మవరములో పుట్టి, పెనుకొండలో బడిపంతులమ్మగా పనిచేయుచు, హిందూపురములో కాపురమున్నదానను. ఈ మూడూళ్ళును గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు రైలుదారిమీదనే యున్నవి. నా జీవితమంతయు ఆ దారిమీద అటునిటు తిరుగుటతోనే సరిపోయినది. కావున నేను చెప్పునది ఆ దారిలోని ఆడువారికి ఉపయోగించిన చాలును.

మా పుట్టినిల్లు మగ్గములయిల్లు. ధర్మవరపు పట్టుచీరల నెరుగని తెలుగువారుండరు. మగ్గపుగుంటలో కూర్చుండి నేయువాడు మగవాడైనను ఆ చీరవెనుక ఆడువారి చేతులు చాల కలవు. మా పెద్దమ్మ తెల్లవారకమునుపే రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టెడిది. నేను పదవ తరగతి చదువు దినములలో ఆమె ఎడమచేయి పైకెత్తలేకుండుట మేమందరము చూచితిమి. అడిగినయెడల, "ఏమీ లేదులే, కండెలు చుట్టీ చుట్టీ చెయ్యి లాగుతాంది" అనెడిది. ఆమె రొమ్ములో రేగిపండంత గడ్డయున్న సంగతి ఆమె కొక్కతెకే తెలియును. నొప్పి లేదు గనుక మొదట పట్టించుకొనలేదు. పట్టించుకొన్న పిమ్మట సిగ్గుపడినది. సిగ్గు తీరుసరికి భయపడినది. ఆ యేడు కొడుకు పెండ్లి యుండెను, అది కానిమ్మని ఆగినది. ఇట్లు ఏడాదిన్నర గడచెను. తుదకు చర్మము పగిలి రసి కారి రవిక తడిసిననాడు మా అమ్మ కనిపెట్టినది. అప్పటికి వ్యాధి చంకలోనికిని ఎముకలలోనికిని ప్రాకియుండెను. మన పెద్దలు ఇట్టిదానిని రాచపుండనియు పుట్టకురుపనియు అనెడివారు. మా అవ్వ ఆ పేరైనను నోట రానీయక "ఆ జబ్బు" అనెడిది. పెద్దమ్మ మరుసటి సంక్రాంతిని చూడలేదు.

కాన్సరు అను పేరు మా ప్రాంతమునకు కొత్తది కాదు. హిందూపురమువారు 1985, 1989, 1994 సంవత్సరములలో శాసనసభకు ఎన్నుకొన్న నందమూరి తారక రామారావుగారి సతీమణి బసవతారకముగారు 1985లో కాన్సరుచేతనే గతించిరి. ఆమె పేర హైదరాబాదులో వెలసిన కాన్సరు ఆసుపత్రి 2000వ సంవత్సరమున తెరువబడినది. మా ఊరిలో ఆ ఆసుపత్రి పేరు వినని యిల్లు అరుదు. అయినను పెద్దవారి యింటి వ్యాధిని గూర్చి అరుగులమీద మాటలాడుదుము గాని మన యింటిదానిని గూర్చి వంటింటిలో నైనను మాటలాడము.

ఇక విషయమునకు వత్తును. పరీక్షలు రెండువిధములని మొదట తెలిసికొనవలెను. వ్యాధి గురుతేదియు లేని స్త్రీని పిలిచి, కంటికిని చేతికిని అందని దేమైన నున్నదేమో యని వెదకుట యొకటి. దీనినే స్క్రీనింగు అందురు. గురుతు కనబడిన స్త్రీకి అది ఏమో తేల్చుటకు చేయునది రెండవది. ఈ రెంటిని కలిపివేయుటవలన చాల అనర్థము జరుగుచున్నది. మా పెద్దమ్మకు కావలసినది రెండవది. కావున ఈ మాటలు వినుచున్నవారిలో ఎవరికైనను రొమ్మునగాని చంకనగాని కొత్తగా గడ్డ తగిలినను, చర్మము నారింజతొక్కవలె గుంటలు పడినను, చనుమొన కొత్తగా లోనికి లాగుకొనిపోయినను, దానినుండి నెత్తురు వచ్చినను, ఒకవైపు రొమ్ము ఆకారము మారినను, ఊరికి శిబిరము వచ్చునని యాగవలదు, నర్సమ్మ ఇంటికి వచ్చునని కాచుకొనవలదు, నేరుగా డాక్టరుకడకు పోవలెను. గడ్డలలో చాలభాగము కాన్సరు కావు. ఆ మాట నిజమే. కాని ఏది అగునో ఏది కాదో మనకు మనమే తీర్పు చెప్పుకొనలేము. మా పెద్దమ్మ చెప్పుకొన్న తీర్పు అట్టిదే.

మిగిలినవారికి, అనగా "నాకేమియు లేదు" అనువారికి, ఈ స్క్రీనింగు ఉద్దేశింపబడినది. ఏమియు లేనిదానికి పరీక్ష యేల యని నేనును అడిగితిని. భారతదేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో ప్రథమస్థానము రొమ్ము కాన్సరుదే. 2022వ సంవత్సరమున ఈ దేశములో సుమారు 1 లక్ష 92 వేలమందికి క్రొత్తగా వచ్చినదనియు, సుమారు 98 వేలమంది దానిచే మరణించిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కాన్సరు పరిశోధనాలయము అంచనా వేసినది. పొలమారిన పైరుకు ఎరువు వేసినట్లు ఆలస్యముగా వైద్యమునకు వచ్చుటయే మన దేశమున చాలమందికి ముప్పు తెచ్చుచున్నది.

మన ఊళ్ళలో మొదట లభించునది యంత్రపరీక్ష కాదు, చేతిపరీక్ష. తర్ఫీదు పొందిన నర్సుగాని డాక్టరుగాని రొమ్ములను చంకలను వ్రేళ్ళతో తడవి చూతురు. కేంద్రప్రభుత్వము 2016లో ఏర్పరచిన పద్ధతి ననుసరించి 30 మొదలు 65 యేండ్లవరకుగల స్త్రీలకు అయిదేండ్లకొకసారి ఈ పరీక్ష చేయవలెను. మన రాష్ట్రమున 2024 నవంబరులో ఆరోగ్యసిబ్బందిని ఇంటింటికి పంపి నోటి కాన్సరు, రొమ్ము కాన్సరు, గర్భాశయముఖ కాన్సరులను గూర్చి విచారించు కార్యక్రమ మారంభమైనది. మా వీధికి వచ్చిన ఆశా కార్యకర్తను చూచి తలుపు వేసికొన్న యిల్లాండ్రను నేనెరుగుదును. "చేతితో తడిమితే ఏం తెలుస్తుంది?" అని చులకనగా నన్నవారు కూడ కలరు.

ఆ ప్రశ్నకు బొంబాయినుండి సమాధానము వచ్చినది. అచ్చటి మురికివాడలలో 1998లో మొదలిడి 35 యేండ్లనుండి 64 యేండ్లవరకుగల సుమారు ఒకటిన్నర లక్షమంది స్త్రీలను రెండు భాగములుగా చేసిరి. ఒక భాగమువారికి తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి, నాలుగు విడతలు, చేతిపరీక్ష చేసిరి. ఇరువది యేండ్లు కనిపెట్టి చూచి 2021లో ఫలితములు ప్రకటించిరి. పరీక్ష పొందినవారిలో వ్యాధి తొలిదశలోనే బయటపడుట హెచ్చెను. 50 యేండ్లు దాటినవారిలో రొమ్ము కాన్సరు మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గెను. 50 యేండ్ల లోపువారిలో అంతటి లాభము కానరాలేదు. అదియు దాచక చెప్పవలసినదే. లక్షలు చేయు యంత్రము లేక, చేతివ్రేళ్ళతో సాధించిన ఫలితమిది. ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు మా వీధివారికి నేను చెప్పున దిదియే.

యంత్రపరీక్షను మామోగ్రాము అందురు. అది రొమ్మునకు తీయు ఎక్సురే. 1913లోనే బెర్లినులోని సాలొమన్ అను శస్త్రవైద్యుడు కోసి తీసిన రొమ్ములకు ఎక్సురే చిత్రములు తీసి, కాన్సరు వాటిలో ఎట్లు కనబడునో పరిశీలించెను. బ్రతికియున్న స్త్రీలకు క్రమముగా ఈ పరీక్ష జరుపు పద్ధతి అర్ధశతాబ్దము పిమ్మటగాని రాలేదు. ఏ వయస్సున మొదలిడవలెనో దేశములన్నియు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఇంగ్లండులో 50 యేండ్లు వచ్చినపిమ్మట మూడేండ్లకొకసారి పిలుతురు. అమెరికాలో 2024నుండి 40 మొదలు 74 యేండ్లవరకు రెండేండ్లకొకసారి యని చెప్పుచున్నారు. పడుచువారికి ఈ పరీక్ష సాధారణముగా వలదనుటకు కారణము కలదు. చిన్నవయస్సున రొమ్ములో క్రొవ్వు తక్కువ, గ్రంథిభాగ మెక్కువ. ఆ గ్రంథిభాగము చిత్రములో తెల్లగా కనబడును. గడ్డయు తెల్లగానే కనబడును. తెల్లపట్టులో తెల్లపోగు తెగినచో మా నాయనకైనను దొరకెడిది కాదు. అందుచే అట్టివారికి డాక్టర్లు శబ్దతరంగములతో చేయు అల్ట్రాసౌండు స్కానింగును కోరుదురు.

హిందూపురమున నున్న నాకు బెంగుళూరు దగ్గర. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురము దాటినచో చేరినట్లే. అచ్చట నొక ఆసుపత్రిలో దినము నిర్ణయించుకొంటిని. ఇచ్చట నేను మొదట పొరపాటు చేసితిని. సెలవుదినము చూచితినే గాని నా శరీరపు దినము చూచుకొనలేదు. నెలసరికి ముందు వారమున రొమ్ములు బరువెక్కి, తాకిననే నొప్పిగా నుండును. నెలసరి ముగిసిన వారమున ఆ నొప్పి తగ్గును. టెలిఫోనులో మాటలాడిన నర్సమ్మయే అడిగి, దినము మార్చినది. నెలసరి నిలిచిపోయినవారికి ఈ చిక్కు లేదు. గర్భముండునను అనుమానమున్నవారును, బిడ్డకు పాలిచ్చుచున్నవారును ఆ మాట ముందుగానే చెప్పవలెను. అప్పుడే నేను మరి రెండు ప్రశ్నలు అడిగితిని. చిత్రములు తీయునది ఆడమనిషియేనా? వెల యెంత? రెంటికిని సంకోచింపక బదులు చెప్పిరి. మా పొరుగున నున్న బురఖా ధరించు సోదరికి మొదటి ప్రశ్నకు వచ్చిన బదులు వినిన పిదపనే ధైర్యము కలిగినది. కొన్నిచోట్ల ఈ పరీక్షతోపాటు పది పరీక్షలు మూటగట్టి చౌక యని అమ్ముదురు. బజారులో కొసరుకు ఆశపడినట్లు వాటికి ఆశపడవలదు.

పరీక్షనాడు తలంటుకొన్నను స్నానము చేసినను తప్పులేదు. చంకలకును రొమ్ములకును పౌడరుగాని, చెమటవాసన నాపు మందులుగాని, లేపనములుగాని పూయరాదు. వాటిలోని లోహపు నలుసులు చిత్రములో సన్నని తెల్లచుక్కలుగా కనబడును. కొన్ని కాన్సరులు తొలిదశలో అట్టి సున్నపుచుక్కలుగానే కనబడును గనుక చూచువారు భ్రమపడుదురు. మా ఊరి యెండలో పౌడరు లేక రైలెక్కుట ఎంత కష్టమో ఆ రైలెక్కువారికే తెలియును. పరీక్ష అయిన పిమ్మట పూసికొనుటకు చిన్న డబ్బా నొకదానిని సంచిలో నుంచుకొంటిని. ఇక బట్టలు. పాశ్చాత్యదేశములలో నిలువుగౌను వలదు, పైబట్ట వేరు క్రిందిబట్ట వేరుగా వేసికొని రండని చెప్పుదురట. మన చీరకు ఆ హెచ్చరిక అక్కరలేదు. రవిక విప్పి పైట కప్పుకొన్న చాలును. ముందువైపు హుక్కులున్న రవికయైన మరింత సుఖము.

అన్నిటికంటె పెద్దచిక్కు మంగళసూత్రమువద్ద వచ్చినది. మెడలోని గొలుసులు చిత్రమున కడ్డు రాకూడదు గనుక తీయవలసియుండునని నర్సమ్మ చెప్పియుండెను. మా అత్తగారు ఆ మాట విని రెండుదినములు నాతో సరిగా మాటలాడలేదు. తాళి తీయుట ఆమె ఊహకే అందని పని. కోపగించి లాభము లేదు, ఆమె భయము నా క్షేమమును గూర్చినదే. మూడవనాడు ఆమెయే ఉపాయము చెప్పిరి. నూలుదారమునకు పసుపు పూసి, పసుపుకొమ్ము కట్టి, దానిని నా మెడలో కట్టించి, బంగారపు సూత్రములను బీరువాలో పెట్టించిరి. పరీక్షగదిలో ఆ అమ్మాయి ఆ దారమును చూచి నవ్వి, పసుపుకొమ్మును వీపువైపునకు త్రిప్పి, "ఇట్లుంటే చాలమ్మా, కొందరు బంగారు గొలుసునే ఇట్లు వెనక్కు వేసుకొంటారు" అనినది. ఇంత సులువని ముందే తెలిసినచో రెండుదినముల మౌనము తప్పెడిది.

ఇక గదిలో జరిగినది చెప్పుదును. యంత్రము మనిషి యెత్తున నిలిచియుండును. దానికి చిన్న పలకవంటిది కలదు. దానిమీద ఒక రొమ్మునుంచగా పైనుండి గాజువలె తేటయైన ప్లాస్టికుపలక దిగి అదుమును. ఒక చిత్రము పైనుండి, ఒకటి వాలుగా ప్రక్కనుండి, రెండురొమ్ములకును కలిపి నాలుగు. అదుముట యేలయనగా, లోపలి పొరలు పరచుకొని ఒకదానిచాటున నొకటి దాగకుండును, కదలికలేక చిత్రము స్పష్టముగా వచ్చును, కిరణములును తక్కువ సరిపోవును. నొప్పి యుండునా యని అడుగుదురు. ఉండును. తలుపుసందున వ్రేలు పడినట్లుండునని మా వదిన భయపెట్టినది గాని నాకంత లేదు. బిగుతురవికకంటె ఎక్కువ, నలిగిన వ్రేలికంటె తక్కువ. ఒక్కొక్కటి కొన్ని క్షణములే. ఓర్వలేకున్న ఆపుమని చెప్పవచ్చును, ఆపుదురు. ఆ కిరణములు ఎంతటివనగా, నేలనుండియు ఆకాశమునుండియు మనకు సహజముగా ఏడెనిమిది వారములలో సోకునంతటివి. ఇల్లువిడిచి పోయి మరల వచ్చుటకు దినమంతయు పట్టినదే గాని ఆ గదిలో నుండినది పావుగంటకు మించలేదు.

ఇంతవరకు నేను సిద్ధపడియే యుంటిని. దీని తరువాతిదానికి సిద్ధపడలేదు.

తొమ్మిదవనాడు పెనుకొండ బడిలో నుండగా టెలిఫోను వచ్చినది. ఏడవ తరగతిలో, 1565లో రాక్షసతంగడి యుద్ధముతరువాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చిన పాఠము చెప్పుచుంటిని. కిటికీలో ఆ కొండయే కనబడుచుండెను. "కుడివైపు మరికొన్ని చిత్రములు తీయవలసియున్నది, మరల రండు" అని మాత్రము చెప్పిరి. ఎందుకని అడుగుటకు నాకు నోరు రాలేదు. పిల్లలు "టీచర్, ఆ తరువాత?" అని అడిగిరి. ఆ తరువాత ఏమి చెప్పితినో నాకు జ్ఞాపకము లేదు.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి వంట చేసితిని, వడ్డించితిని, ఎవరికిని చెప్పలేదు. మా వారు లెక్కలు వ్రాసికొనుచుండిరి, ఇప్పుడేల యనుకొంటిని. అమ్మాయికి పరీక్షలు దగ్గరపడినవి, అవి కానిమ్మనుకొంటిని. నడిరేయి మేలుకొని చీకటిలో గడ్డయేమైన తగులునేమోయని తడవి చూచుకొనుచుండగా, పెద్దమ్మ కొడుకు పెండ్లి కానిమ్మనుకొన్నది నాకు తట్టినది. చదువుకొన్నదానను, పదిమందికి చెప్పగలదానను. ఆమె ఏడాదిన్నర చేసినదానిని నేను ఒక రాత్రి చేసితిని. తెల్లవారి కాఫీ ఇచ్చుచు మా వారితో చెప్పితిని. ఆయన ఆసుపత్రికి తిరిగి టెలిఫోను చేసి, నేను అడుగలేకపోయిన ప్రశ్నలన్నియు అడిగిరి.

మరల పిలుచుట యనగా వ్యాధి యున్నదని కాదు. అమెరికాదేశపు లెక్కలనుబట్టి నూరుమంది పరీక్ష చేయించుకొన్నచో సుమారు పదిమందిని మరల పిలుతురు. ఆ పదిమందిలో ఒక్కరికైనను కాన్సరుండుట నిశ్చయము కాదు. మొదటిసారి పోవువారిని మరల పిలుచుట ఇంకను హెచ్చు, ఏలయనగా పోల్చిచూచుటకు వారి పాతచిత్రములుండవు. ఈ రెండుమాటలు మొదటిదినముననే ఎవరైన నాకు చెప్పియున్నచో ఆ రాత్రి నేను నిద్రపోయి యుందును. నేనును అడుగలేదు. మీరు అడుగుడు. ఫలితము ఎన్నడు వచ్చును, ఎవరు చెప్పుదురు, మరల పిలిచిన ఏమి చేయుదురు, ఈ మూడును గదినుండి వెలికి రాకమునుపే అడుగుడు. ఆ పిలుపు వచ్చినప్పుడు ప్రక్కన నుండవలసినవారు ఎవరో ముందే నిర్ణయించి వారికి చెప్పియుంచుడు. మగడు కావచ్చును, అక్క కావచ్చును, బడిలో తోటి పంతులమ్మ కావచ్చును.

రెండవసారి పోయినప్పుడు అదనముగా రెండుచిత్రములు తీసి, అల్ట్రాసౌండు చేసిరి. అది నీటితిత్తి. ద్రాక్షపండువలె నీరు నిండిన చిన్నసంచి. నా వయస్సువారిలో సాధారణమనియు సూది వేయ నక్కరలేదనియు డాక్టరమ్మ చెప్పి పంపినది. అనుమానము తీరనిచో సన్ననిసూదితో చిన్నముక్క తీసి పరీక్షింతురనియు, సూది తగిలినందున కాన్సరు ప్రాకునని జనులు చెప్పుకొనునది వట్టిమాట యనియు ఆమెయే చెప్పినది. ఈ వట్టిమాట నమ్మి సూదిపరీక్షకు పోక నిలిచిపోయినవారు మా బంధువులలోనే కలరు.

ఈ పరీక్షను దేవతావాక్యముగా పొగడుట నాకిష్టము లేదు. ఉన్న కాన్సరులలో ఎనిమిదింట ఒకటి మొదలు అయిదింట ఒకటి వరకు మామోగ్రాములో కానరాకపోవచ్చును. కావున "ఏమియు లేదు" అను కాగితము చేతబట్టుకొని, ఆరునెలలకు గడ్డ తగిలినను "పరీక్ష అయినది గదా" యని కూర్చుండరాదు. ఇది వ్యాధిని రాకుండ చేయునదియు కాదు. ఎన్నడును హాని చేయనంత మెల్లగా పెరుగు వ్యాధిని పట్టి చికిత్స చేయుటయు కొన్ని యెడల జరుగును. ఇవి తెలిసియే నేను పోయితిని, రెండేండ్లకు మరల పోవుదును. నా చిత్రములను కాగితములను బీరువాలో మంగళసూత్రముల పెట్టెప్రక్కనే ఉంచితిని. రాబోవు పరీక్షనాడు పోల్చిచూచుటకు అవి కావలెను.

ఇక ఒక్క సంగతి చెప్పి సెలవు తీసికొందును. మా పెద్దమ్మకూతురు ధర్మవరములోనే యున్నది. నాకంటె పెద్దది, నేటికిని కండెలు చుట్టును. తల్లికి, తోడబుట్టినదానికి, కూతురికి ఈ వ్యాధి వచ్చినవారు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పవలెను. వ్యాధి వచ్చినవారిలో చాలమందికి అట్టి చుట్టరికమేమియు నుండదు గాని, ఉన్నవారికి అపాయము హెచ్చు. నాకు పెద్దమ్మ, అక్కకు కన్నతల్లి. కావున నాకంటె ముందు పోవలసినది అక్కయే. ఏడాదిగా అడుగుచుంటిని. "నాకేమీ లేదు గదమ్మీ" అని త్రోసివేసినది. ఏమియు లేనివారికే ఈ పరీక్ష యని ఎన్నివిధముల చెప్పినను వినలేదు. పోయిన నెల నేను ఆమెయింటికి పోయి, నా తొమ్మిదవదినపు టెలిఫోను సంగతియు ఆ రాత్రి సంగతియు పూస గ్రుచ్చినట్లు చెప్పితిని. అంతవరకు ఎన్నడు చెప్పలేదు. అక్క రాట్నము ఆపి చాలసేపు ఊరకుండి, "నన్ను మళ్ళీ పిలిస్తే నువ్వొస్తావా?" అని అడిగినది. వత్తుననిన పిమ్మట, మగ్గముమీది పెండ్లిచీర దిగగానే పోవుదమనినది.

ఆ చీర మొన్న దిగినది. గురువారము ఉదయము అక్క ధర్మవరములో రైలెక్కును. పెనుకొండ దాటి ఆ బండి హిందూపురమునకు వచ్చుసరికి నేను స్టేషనులో నుందును. పౌడరు పూసికొనవద్దని నిన్న మరల టెలిఫోనులో చెప్పితిని. పసుపుదారము మా అత్తగారు సిద్ధము చేసి యుంచిరి.